తీగ తెగలేదు, నాకా ఆగిపోయింది

మా ఇంట్లో నాలుగు పోర్షన్లు. కింద రెండు, పైన రెండు. తలుపులు వేరు, కరెంటు మీటర్లు వేరు, వంటిళ్లు వేరు. బోరు మాత్రం ఒకటే, మోటారు ఒకటే, మేడ మీద ట్యాంకు ఒకటే. హైదరాబాద్ తార్నాకలో మా మామగారు ఈ ఇల్లు కట్టినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. మేము పైన ఒకదాంట్లో ఉండేవాళ్లం, మిగతా మూడూ అద్దెకిచ్చేవాళ్లం.

ఒక వేసవిలో పక్క పోర్షన్‌వాళ్లు ఊరెళ్లే హడావుడిలో కుళాయి తిప్పి చూశారు. నీళ్లు రాలేదు. తిప్పిన కుళాయి తిప్పినట్టే వదిలేసి, తాళం వేసుకుని బస్సెక్కారు. రాత్రి నేను మోటారు వేసి ట్యాంకు నింపాను. ఆ నీళ్లన్నీ తాళం వేసిన ఆ ఇంట్లోనే కారిపోయాయి. తెల్లారేసరికి మాతో కలిపి మిగతా మూడు పోర్షన్లలో ముఖం కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు లేవు. ఎవరి తాళమూ పగలలేదు, ఎవరి సొమ్మూ పోలేదు. అయినా కింద ఉన్నాయన డ్యూటీకి ఆలస్యమయ్యాడు, కిందే ఇంకో పోర్షన్ పాప ఆ రోజు పరీక్షకు స్నానం లేకుండానే వెళ్లింది.

కంప్యూటర్ భద్రత అంటే ఏమిటని ఎవరు అడిగినా నేను ముందు ఈ కుళాయి సంగతే చెప్తాను. భద్రత అనగానే అందరికీ దొంగలే గుర్తొస్తారు. పాస్‌వర్డు పోయింది, ఓటీపీ చెప్పేశాం, ఖాతాలో డబ్బులు మాయమయ్యాయి అంటారు. ఏదీ పోకుండానే నష్టం జరిగే దారి ఇంకొకటి ఉంది. మనకు రావలసినది మనకు అందకుండా ఆగిపోవడం. ఈ రంగంలో దాన్ని 'డినయల్ ఆఫ్ సర్వీస్' అంటారు, పత్రికల్లో 'సేవా నిరాకరణ' అని రాస్తుంటారు. ఒకే యంత్రాన్ని పది మంది పంచుకున్న చోట ఇలాంటి లోపం ఎలా ఉంటుందో, దాన్ని ఎలా సరిచేస్తారో నేను దగ్గరగా చూశాను. అది మీకు చెప్పాలని ఈ వ్యాసం.

ఒక సర్వరు, పదహారు పోర్షన్లు

నేను ఉస్మానియా క్యాంపస్‌లోనే ఎంసీఏ చదివాను. పన్నెండేళ్లు సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేశాను. 2012లో కింది పోర్షన్ ఒకటి ఖాళీ అయినప్పుడు మళ్లీ అద్దెకివ్వకుండా, లైనక్స్ నేర్పే గదిగా మార్చాను. ఉస్మానియా హాస్టళ్ల పిల్లలు సాయంత్రం క్లాసులయ్యాక క్యాంపస్ లోపలి నుంచి తార్నాక గేటు దాకా నడిచి, రోడ్డు దాటి వస్తారు. వాళ్లలో చాలామందికి సొంత ల్యాప్‌టాప్ ఉండదు. ఉన్నా అందులో సర్వర్ పని నేర్చుకోవడానికి సరిపడా బలం ఉండదు.

అందుకని సెకండ్ హ్యాండ్‌లో ఒక సర్వర్ కొన్నాను. రెండు ప్రాసెసర్లు, కలిపి ఎనిమిది కోర్లు, 48 జీబీ మెమరీ. దాన్ని పదహారు పోర్షన్లు చేశాను. ఒక్కొక్క పోర్షన్ పేరు 'వర్చువల్ మిషన్'. మా వాళ్లందరూ 'వీఎం' అంటారు. లోపల కూర్చున్న విద్యార్థికి అది పూర్తి కంప్యూటర్‌లాగే కనిపిస్తుంది. దానికో ప్రాసెసర్, కొంత మెమరీ, ఒక డిస్కు, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. తన పోర్షన్‌లో ఏదైనా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, పాడు చేసుకోవచ్చు, మళ్లీ కట్టుకోవచ్చు. పక్కవాడి ఫైళ్లు మాత్రం కనిపించవు. వీళ్లందరికీ ప్రాసెసర్ సమయాన్ని, మెమరీని పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి అడుగున ఉంటుంది. దాని పేరు హైపర్‌వైజర్. ఇంటి ఓనరు పని అది. మోటారు స్విచ్ దాని చేతిలోనే ఉంటుంది.

ఈ ఆలోచన పాతదే. ఐబీఎం సంస్థ 1960లలోనే తన పెద్ద కంప్యూటర్లను ఇలా విభజించింది, 1972లో వీఎం/370 పేరుతో బయటికి ఇచ్చింది. మామూలు సర్వర్లకు ఈ పద్ధతి వచ్చింది 1998లో వీఎంవేర్ సంస్థ మొదలయ్యాక. 2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి జెన్ అనే హైపర్‌వైజర్ వచ్చింది. 2005, 2006లలో ఇంటెల్, ఏఎండీ కంపెనీలు ప్రాసెసర్లలోనే ఈ విభజనకు ఏర్పాట్లు పెట్టాయి. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లైనక్స్‌లో భాగమైంది. నా గదిలో నడిచేది అదే.

ఈ రోజు 'క్లౌడ్' అని మనం పిలిచేదంతా ఈ పోర్షన్ల వ్యాపారమే. అమెజాన్ 2006లో సర్వర్లు గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పుడు అడుగున ఉన్నది జెన్. 2022 నవంబరులో అదే అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాన్ని మన హైదరాబాద్‌లో తెరిచింది. మీరు వాడే యాప్ ఏదైనా సరే, అది పక్కన ఎవరున్నారో తెలియని పోర్షన్‌లో కాపురం ఉంటుండవచ్చు.

ఖానాపూర్ అబ్బాయి అడిగిన మాట

2014 ఏప్రిల్. తార్నాక చౌరస్తాలో మెట్రో పనులు జరుగుతున్న రోజులు. ఖానాపూర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అబ్బాయి మరునాడు పొద్దున పది గంటలకు ప్రాజెక్టు అప్పజెప్పాలి. రాత్రి పదకొండుకు గదిలో పనిచేసుకుంటున్నాడు. ఉన్నట్టుండి అతని స్క్రీన్ మీద అక్షరాలు రావడం ఆగింది. ఒక అక్షరం కొడితే అర నిమిషానికి కనిపిస్తోంది. చుట్టూ ఉన్న మిగతా అయిదుగురిదీ అదే పరిస్థితి.

నన్ను పిలిచాడు. నేను మెట్లు దిగి వెళ్లి సర్వర్ చూశాను. ఇంకో విద్యార్థి రాసిన ప్రోగ్రామ్ మెమరీని తీసుకుంటూనే పోతోంది, తిరిగి ఇవ్వడం లేదు. ఆ పిల్లాడు దాన్ని నడవమని వదిలేసి హాస్టల్‌కు వెళ్లి నిద్రపోయాడు. అతని తప్పు కూడా అనలేం, నేర్చుకునేవాళ్లు రాసే ప్రోగ్రాములు అలాగే ఉంటాయి. తప్పు నాది. 48 జీబీ మెమరీ ఉంటే, అందరూ ఒకేసారి వాడరులే అనుకుని అంతకంటే చాలా ఎక్కువ పంచిపెట్టాను. ఒక్కొక్కరు ఎంతవరకు తీసుకోవచ్చో గీత గీయలేదు. మెమరీ నిండిపోయాక సర్వర్ డిస్కునే మెమరీగా వాడుకోవడం మొదలుపెట్టింది. డిస్కు వేగం మెమరీ వేగానికి దరిదాపుల్లోకి రాదు కాబట్టి అందరి పనీ కుంటుపడింది.

ఖానాపూర్ అబ్బాయి నా పక్కనే నిలబడి అన్నాడు: "మేడమ్, నేనేం జెయ్యలే. నా మిషిన్ల నా పనే నడుస్తుంది. మరి నాదెందుకు ఆగింది?"

ఆ మాటకు ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. సర్వర్ మళ్లీ దారిలోకి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అతను తెల్లవారుజాము నాలుగింటి దాకా కూర్చుని పని పూర్తి చేసి, అక్కడే బల్ల మీద తల పెట్టి పడుకున్నాడు. మరునాడే ప్రతి వీఎంకీ మెమరీ, ప్రాసెసర్ సమయం, డిస్కు ఎంతెంతో హద్దులు పెట్టాను. ఇక ఎవరి కుళాయి ఎంత తిప్పినా వాళ్ల వంతు నీళ్లే పోతాయి.

హద్దులు పెట్టాక నిశ్చింతగా ఉన్నాను. ఏడాదిన్నర గడిచింది.

2015 నవంబరు 10

దీపావళి రోజులు. బయట టపాకాయల చప్పుడు. సర్వర్లు చూసుకునేవాళ్లందరూ చదివే భద్రతా ప్రకటన ఒకటి ఆ మంగళవారం వెలువడింది. జెన్ బృందం ఇచ్చిన దాని సంఖ్య ఎక్స్‌ఎస్‌ఏ-156. అందులో రెండు లోపాలు ఉన్నాయి. ప్రపంచమంతా ఒకే పేరుతో గుర్తుపట్టడానికి ఇలాంటి లోపాలకు సీవీఈ నంబర్లు ఇస్తారు. వీటికి ఇచ్చినవి సీవీఈ-2015-5307, సీవీఈ-2015-8104. మొదటిదాన్ని కనిపెట్టింది అప్పట్లో గూగుల్‌లో పనిచేస్తున్న బెన్ సెరెబ్రిన్, రెండోదాన్ని సూసె సంస్థలో పనిచేస్తున్న యాన్ బోయ్‌లిష్.

అద్దెకున్న ఒక్క వీఎం నుంచి అడుగున ఉన్న మొత్తం సర్వర్‌ను బిగుసుకుపోయేలా చేయవచ్చన్నది ఆ ప్రకటన సారాంశం. నా గదిలోని కేవీఎంకూ ఇదే లోపం ఉంది, నేను పెట్టిన హద్దులేవీ దాన్ని ఆపలేవు. ఎందుకంటే ఆ వీఎం ఎక్కువ మెమరీ అడగదు, ఎక్కువ డిస్కు అడగదు. ప్రాసెసర్‌నే ఒక వలయంలో పడేస్తుంది.

ఆ వలయం ఏమిటో చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి, ఇది లెక్కల పుస్తకం కాదు.

కంప్యూటర్ మెమరీని వరుసగా ఉన్న చిన్న చిన్న గళ్లు అనుకోండి. నాలుగు గళ్లు పట్టే అంకెను, నాలుగేసి గళ్లకు గీసిన గీత దగ్గర నుంచే మొదలుపెట్టి రాయడం మంచి పద్ధతి. గీతకు అటూ ఇటూగా రాస్తే వరుస తప్పినట్టు. అలా వరుస తప్పితే వెంటనే చెప్పమని ప్రాసెసర్‌కు ఒక సెట్టింగ్ పెట్టవచ్చు. అప్పుడు ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, 'ఇక్కడ వరుస తప్పింది' అని ఫిర్యాదు లేవనెత్తుతుంది. దీన్ని 'అలైన్‌మెంట్ చెక్ ఎక్సెప్షన్' అంటారు. ఫిర్యాదు అప్పజెప్పే ముందు, తాను ఏ పని ఎక్కడ ఆపిందో ఒక చోట రాసుకోవాలి. తిరిగి వచ్చాక అక్కడి నుంచే మొదలుపెట్టడానికి ఆ గుర్తు కావాలి. ఆ రాసుకునే చోటును 'స్టాక్' అంటారు.

ఇప్పుడు ఆ స్టాక్ కూడా వరుస తప్పిన చోటే ఉందనుకోండి. వరుస తప్పిందని రాయడానికి ప్రాసెసర్ స్టాక్ దగ్గరికి వెళ్తుంది. అక్కడ రాయబోతే అదీ వరుస తప్పిన చోటే కాబట్టి ఇంకో ఫిర్యాదు పుడుతుంది. దాన్ని రాయడానికి మళ్లీ అక్కడికే వెళ్లాలి, మళ్లీ ఫిర్యాదు. తాళంచెవి పోయిందని రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్ ఉన్నది అదే తాళం వేసిన బీరువాలో. అలాంటి పరిస్థితి. రెండో లోపం కూడా ఇదే కుదురుకు చెందినది. ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికి వాడే 'డీబగ్' ఎక్సెప్షన్‌ను, దాన్ని అప్పజెప్పేటప్పుడు ప్రాసెసర్ ముట్టుకునే చోటుకే తగిలించి పెడితే, ఒకటి అప్పజెప్పడం ముగియగానే ఇంకొకటి పుడుతుంది.

మామూలుగా ఏ ఆపరేటింగ్ సిస్టమూ తన స్టాక్‌ను ఇలా పెట్టుకోదు. కానీ వీఎం లోపల పూర్తి అధికారం అద్దెకున్నవారిదే. కావాలని అలా అమర్చుకునేవారిని ఆపే ఏర్పాటు లేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ప్యూను

మరి హైపర్‌వైజర్ ఏం చేస్తోంది? ఇంటి ఓనరు వచ్చి మోటారు ఆపేయొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ మొదట అదే సందేహం వచ్చింది.

క్యాంపస్‌లో మేము చదువుకునే రోజుల్లో క్లాసు మధ్యలో ప్యూను నోటీసు పట్టుకుని వచ్చేవాడు. గుమ్మం దగ్గరే నిలబడేవాడు. లెక్చరర్ చెప్తున్న వాక్యం పూర్తి చేసి అటు చూస్తేనే లోపలికి అడుగుపెట్టేవాడు. ప్రాసెసర్ కూడా అంతే. ఒక ఆదేశం పూర్తిచేసి రెండోది అందుకునే సందులోనే బయటి పిలుపు వింటుంది. హైపర్‌వైజర్ సెకనుకు ఎన్నోసార్లు గడియారం ద్వారా ఆ పిలుపు పంపుతూ, ఒక వీఎం చేతిలోంచి ప్రాసెసర్‌ను తీసుకుని ఇంకో వీఎంకు ఇస్తుంటుంది. పోర్షన్లన్నీ సాఫీగా నడవడానికి ఆధారం ఈ చిన్న సందే.

ఈ వలయంలో ఆ సందు రాదు. లెక్చరర్ వాక్యం ఎప్పటికీ పూర్తికాదు, ప్యూను గుమ్మం దగ్గరే ఉండిపోతాడు. నిజానికి ప్రాసెసర్ రూపకల్పన ప్రకారం ఇలాంటి కొన్ని సందర్భాల్లో బయటి పిలుపు వలయాన్ని తెంచాలి. పరీక్షించి చూస్తే అలా జరగడం లేదని ఆ ప్రకటనలోనే రాశారు.

ఒక కోరు అలా చిక్కుకుంటే మిగతా కోర్లు దాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఒక్కొక్కటే ఆగిపోతాయి. సర్వర్ బతికే ఉందా లేదా అని కనిపెట్టుకుని ఉండే 'వాచ్‌డాగ్' ఏర్పాటు ఉంటే, అది ఎదురుచూసి ఎదురుచూసి మొత్తం యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తుంది. దాంతో ఏ పాపం తెలియని మిగతా వీఎంలన్నీ ఒక్క దెబ్బకు ఆరిపోతాయి. మూలం ప్రాసెసర్ స్వభావంలోనే ఉండడంతో జెన్, కేవీఎం, వర్చువల్‌బాక్స్, మైక్రోసాఫ్ట్ హైపర్-వీ అన్నీ ఒకేసారి సర్దుబాట్లు విడుదల చేయాల్సి వచ్చింది.

మా తార్నాక పేరు గురించి పెద్దలు ఒక మాట చెప్తారు. తార్ అంటే తీగ, నాకా అంటే చెక్‌పోస్టు. నిజాం కాలంలో ఇక్కడి తోటలకు తీగ కంచె వేసి, దారి దగ్గర నాకా పెట్టారని, అందుకే ఈ పేరని. ఆ ప్రకటన చదివిన రాత్రి నాకు ఆ పేరే గుర్తొచ్చింది. కంచె పని వేరు, నాకా పని వేరు. కంచె ఒకరిని ఇంకొకరి తోటలోకి రానివ్వదు. నాకా రావలసినవాళ్లను రానిస్తుంది, పోవలసినవాళ్లను పోనిస్తుంది. ఈ లోపంలో కంచె చెక్కుచెదరలేదు, ఒకరి ఫైలు ఇంకొకరికి కనిపించలేదు. ఆగిపోయింది నాకా. నాకా ఆగిపోతే కంచె ఎంత గట్టిదైనా లోపలున్నవాళ్లు లోపలే, బయటున్నవాళ్లు బయటే. మేము భద్రత నేర్పేటప్పుడు గోప్యత, సమగ్రత, అందుబాటు అని మూడు మాటలు చెప్తాం. మూడోదాన్ని చివర్లో పెట్టి, టైమ్ చాలక వదిలేసేదాన్ని. ఆ తర్వాత వదిలేయలేదు.

ఆగిన గడియారం

చదివినది పిల్లలకు చూపించాలనుకున్నాను. ఎవరి పనికీ అడ్డు రాకుండా, మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి తీసి, ఇంటర్నెట్ తీగ పీకేసి, పాత కేవీఎం వేశాను. మూడు వీఎంలు పెట్టాను. రెండింటి స్క్రీన్ మీద సెకన్లతో సహా గడియారం తిరుగుతోంది. మూడోది నా చేతిలో ఉంది. ఆ అమరిక ఎలా పెట్టాలో ఇక్కడ రాయను, ఇది చదివి ఎవరూ ఎవరి సర్వర్ మీదా ప్రయత్నించకూడదు. సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ ప్రకారం హక్కున్నవారికి కంప్యూటర్ అందకుండా చేయడం కూడా తప్పే. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఎంటర్ నొక్కాను. సాయంత్రం 6 గంటల 12 నిమిషాల 40 సెకన్లు. రెండు గడియారాలూ అక్కడే నిలిచిపోయాయి. ఒకమ్మాయి మౌస్ కదిపింది, బాణం కదల్లేదు. నేను కీబోర్డు మీద క్యాప్స్‌లాక్ నొక్కాను, దాని చిన్న దీపం వెలగలేదు. అంటే అడుగున ఉన్న యంత్రమే మా మాట వినడం లేదు. లోపల ఫ్యాన్ చప్పుడు మెల్లగా పెరుగుతోంది, ప్రాసెసర్ వేడెక్కుతోంది కాబట్టి. బయటి నుంచి చూస్తే యంత్రం నిద్రపోయినట్టుంది, లోపల మాత్రం పూర్తి బలంతో ఒకే ఫిర్యాదును మళ్లీ మళ్లీ రాయబోతూనే ఉంది. పిల్లలు ఏమీ మాట్లాడకుండా ఆ ఆగిన సెకన్ల ముల్లునే చూస్తూ నిలబడ్డారు. చివరికి పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపాను.

తర్వాత సరిచేసిన కేవీఎం వేశాం. ఆ సర్దుబాటు చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. ప్రాసెసర్‌లో హైపర్‌వైజర్ కోసం 32 గళ్ల పట్టీ ఒకటి ఉంటుంది. ఏ రకం ఫిర్యాదు వస్తే వీఎంకు అప్పజెప్పకుండా ముందు తన దగ్గరికి తేవాలో హైపర్‌వైజర్ ఆ గళ్లలో టిక్కు పెడుతుంది. ఒకటో నంబరు డీబగ్‌ది, పదిహేడో నంబరు అలైన్‌మెంట్‌ది. ఆ రెండు గళ్లలో టిక్కు పెట్టడమే అసలు మందు. ఫిర్యాదు ముందు ఓనరు చేతికి వస్తుంది కాబట్టి ఓనరుకు సందు దొరుకుతుంది. మళ్లీ ఎంటర్ నొక్కాను. మూడో వీఎం తనలో తాను తిరుగుతూ ఉండిపోయింది, మిగతా రెండు గడియారాలూ నడుస్తూనే ఉన్నాయి. ఆ ఒక్క వీఎంని బయటి నుంచి ఆపేశాను. గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు.

మందు ఉంది, వేసుకునే టైమ్ లేదు

రెండు గళ్లలో టిక్కు. ఇంత చిన్న పనికి ఇంత గోల ఎందుకు? ఆ టిక్కు పడాలంటే సాధారణంగా సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఓనరు సాఫ్ట్‌వేర్ మార్చాలంటే పోర్షన్లన్నీ కాసేపు ఖాళీ కావాలి. అక్కడే అందరూ వాయిదా వేస్తారు. ఈ వారం పరీక్షలు, వచ్చే వారం అడ్మిషన్లు, ఆ పై వారం నెలాఖరు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఈ వాయిదాలు వేసినదాన్నే, వేస్తుంటే చూసినదాన్నే.

పెద్ద సంస్థలకూ ఇది తప్పదు. 2014 సెప్టెంబరు చివర్లో జెన్‌లో మరో రకం లోపం బయటపడినప్పుడు అమెజాన్ తన అద్దె సర్వర్లలో పదో వంతుకు కాస్త తక్కువ వాటిని రీస్టార్ట్ చేసింది. ముందుగా కస్టమర్లకు చెప్పి, విడతలుగా చేసింది. ఇప్పుడు నడుస్తున్న వీఎంని ఆపకుండానే ఇంకో సర్వర్‌కు తరలించే పద్ధతి ఉంది, ఆపకుండానే సర్దుబాటు అతికించే పద్ధతీ ఉంది. ఒక్క సర్వర్‌తో నడిచే చిన్న ఆసుపత్రికి, కాలేజీకి, దుకాణానికి తరలించడానికి రెండో ఇల్లే ఉండదు. వాళ్లకు చాలాసార్లు రీస్టార్ట్ ఒక్కటే దారి.

ఇలాంటి లోపం ఆ ఒక్కసారితో పోలేదు. 2019 నవంబరు 12న ఇంటెల్ ఇంకొకటి ప్రకటించింది, సీవీఈ-2018-12207. మెమరీని పేజీలుగా విభజించే తీరును వీఎం లోపల నుంచి ఒక పద్ధతిలో మారిస్తే అడుగున ఉన్న యంత్రం బిగుసుకుపోతుంది. మళ్లీ అదే కథ, మళ్లీ సర్దుబాటు, మళ్లీ రీస్టార్ట్. మన దేశంలో ఇలాంటి హెచ్చరికలు ఇవ్వడానికి సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సంస్థ 2004 నుంచి పనిచేస్తోంది. సేవలు ఆపే దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లోపు ఆ సంస్థకు చెప్పాలని 2022 ఏప్రిల్‌లో నిబంధన కూడా వచ్చింది.

ఇదంతా కంప్యూటర్లవాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. డిగ్రీలో సీటు కావాలంటే దోస్త్ వెబ్‌సైట్‌లో ఆప్షన్లు పెట్టాలి. కులం సర్టిఫికెట్ కావాలంటే మీసేవకు వెళ్లాలి. పరీక్ష ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టాలి. అన్నింటికీ ఆఖరి తేదీ ఉంటుంది, ఆ తేదీ రాత్రి పన్నెండింటికి గడువు ముగుస్తుంది. పెద్ద ఊళ్లో ఉన్నవాడికి పోయేది ఒక గంట. ఊరి నుంచి బస్సెక్కి మండల కేంద్రంలో ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చిన పిల్లకు ఆ గంటతో ఒక ఏడాది పోవచ్చు. సేవ ఆగితే ఏమీ దొంగతనం కాలేదు కదా అనేవాళ్లు ఆ పిల్ల పక్కన ఒకసారి కూర్చోవాలి.

కాబట్టి బడి, ఆసుపత్రి, సొసైటీ, దుకాణం, ఏది నడిపేవాళ్లయినా మీ కంప్యూటర్లు చూసే మనిషిని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. మన సర్వర్ అడుగున ఉన్న సాఫ్ట్‌వేర్‌కు చివరిసారి సర్దుబాటు ఎప్పుడు వేశారు? వేశాక రీస్టార్ట్ చేశారా? ఒక వీఎం ఎంత వాడుకోవచ్చో హద్దులు ఉన్నాయా? రాత్రి ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి? తేదీతో సహా జవాబు రాకపోతే ఆ వారమే ఒక ఉదయం కేటాయించండి. జనానికి ముందే చెప్పి పది నిమిషాలు మనమే ఆపుకోవడం, పరీక్ష రోజు మనకు తెలియకుండా ఆగిపోవడం కంటే ఎంతో మేలు.

మా గది తలుపు మీద ఒక కాగితం అతికించి ఉంటుంది: ప్రతి నెలా రెండో ఆదివారం, పొద్దున ఆరు గంటలకు సర్వర్ ఆపుతాం. 2015 డిసెంబరు నుంచి ఆ కాగితం అక్కడే ఉంది. పోయిన నెల సర్దుబాటు వేసి, మళ్లీ మొదలుపెట్టి, పదహారు వీఎంలూ లేచేసరికి పదకొండు నిమిషాలు పట్టింది.